దారి చెప్పే యాప్ వేరు, నేల చూపే మ్యాపు వేరు

సంపాదకులకు నమస్కారం.

మీ బెంగళూరు ఎడిషన్‌లో వాహనాల పేజీ నేను తప్పకుండా చదువుతాను. ఫోర్ వీల్ డ్రైవ్ ఎప్పుడు వేయాలి, బురదలో టైర్ల గాలి ఎంత తగ్గించాలి, గ్రౌండ్ క్లియరెన్స్ ఎంతుంటే వంక దాటొచ్చు, ఇవన్నీ వివరంగా రాస్తున్నారు. తారు రోడ్డు దిగాక ఏ మ్యాపు చూసుకుని వెళ్ళాలన్నది మాత్రం నాకు గుర్తున్నంతలో ఒక్కసారీ రాలేదు. మా అబ్బాయి పోయినేడు థార్ కొన్నాడు. శనివారం వచ్చిందంటే వాడి స్నేహితులు మా ఇంట్లో చేరి "ఆంటీ, ఏ యాప్ వేసుకోమంటారు?" అని నన్ను అడుగుతుంటారు. వాళ్ళకు చెప్పేదే మీ పాఠకులకూ ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

నన్ను ఎందుకు అడుగుతారంటే, నా బతుకంతా తారు లేని దారుల్లోనే గడిచింది. నేను భూగర్భ జలాల సర్వే చేస్తాను. పల్లెల్లో అనే మాటల్లో అయితే, బోరు పాయింట్లు పెడతాను. పుట్టింది మదనపల్లె దగ్గర పల్లెలో, ఉంటున్నది హొరమావులో. 22 ఏళ్ళుగా వారంలో నాలుగు రోజులు రెసిస్టివిటీ మీటరు (నేల లోపలి విద్యుత్ నిరోధాన్ని కొలిచే పరికరం), కేబుళ్ళు వేసుకుని కోలారు, చింతామణి, బాగేపల్లి, మదనపల్లె, కుప్పం వైపు పొలాల్లో తిరుగుతున్నాను. మొదట్లో పాత జీపు, ఇప్పుడు బొలేరో క్యాంపర్. సరదాగా బురదలో బండి నడిపే పిల్లలకూ నాకూ అవసరం ఒకటే. రోడ్డు లేని చోట దారి తెలియాలి, చీకటి పడేలోగా తిరిగి రావాలి.

2019 అక్టోబరులో కోలారు జిల్లాలో జరిగిన సంగతి చెబుతాను. సాయంత్రం ఆరు కావస్తోంది. ఫోన్లో యాప్ "800 మీటర్లు నేరుగా వెళ్ళండి" అంది. ఎదురుగా బండ్లు తిరిగిన చాళ్ళు స్పష్టంగా కనిపిస్తున్నాయి, తెర మీద గీతా ఉంది. మా డ్రైవరు ముందుకు పోనిచ్చాడు. గొర్రెలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన చెయ్యెత్తి అరిచాడు: "అమ్మా, యాడికి పోతాండారు? ఆ దావ చెరువులోకి పోతాది. నీళ్ళొచ్చినాయి గదా!" ఆయన మాట మాకు చేరేసరికే ముందు చక్రాలు నల్ల ఒండ్రులో దిగిపోయాయి. ట్రాక్టరు వచ్చి లాగేసరికి రాత్రి తొమ్మిదిన్నర. కేబుళ్ళు తడిశాయి, మీటరు మాత్రం ఒళ్ళో పెట్టుకుని కాపాడుకున్నాను.

ఎందుకలా జరిగిందో తెలుసుకుంటే మ్యాపుల గురించి సగం తెలిసినట్టే. కోలారు చెరువులు చాలా ఏళ్ళు ఎండిపోయి ఉన్నాయి. ఎండిన చెరువు గర్భంలో మట్టి తోలే ట్రాక్టర్లు, గొర్రెల మందలు తిరిగి తిరిగి బాటలు పడ్డాయి. ఉపగ్రహ చిత్రంలో ఆ బాటలు తెల్లగా మెరుస్తూ కనిపిస్తాయి. వాటిని చూసి ఎవరో మ్యాపులో గీతలు గీశారు. 2018లో కేసీ వ్యాలీ (కోరమంగళ-చల్లఘట్ట లోయ) పథకం కింద బెంగళూరు నుంచి శుద్ధి చేసిన మురుగునీళ్ళు కోలారు జిల్లాకు రావడం మొదలైంది. మొదటి దశలో లెక్కలోకి తీసుకున్నవే 126 చెరువులు. ఒకదాని తర్వాత ఒకటి నిండుతూ వచ్చాయి. నీళ్ళొచ్చిన సంగతి గొర్రెల కాపరికి ఆ పూటే తెలుసు. మ్యాపులో గీత మాత్రం అలాగే ఉంది. ఆ యాప్ పేరు ఇక్కడ చెప్పను, ఎందుకంటే ఆ రోజు ఇంకో యాప్ వాడినా ఇదే జరిగి ఉండొచ్చు.

అందుకే "ఏ యాప్ మంచిది" అనే ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న వేసుకోమంటాను. మీకు కావలసింది దారి చెప్పే యాపా, నేల చూపే మ్యాపా? ఊళ్ళో మారతహళ్ళి నుంచి జయనగర్ వెళ్ళడానికి దారి చెప్పేది చాలు. ఎడమకు, కుడికి అంటుంది, మనం తిప్పుతాం. బీడు భూముల్లో అలా కుదరదు. అక్కడ గట్టు ఎక్కడుంది, వంక ఎటు పారుతోంది, చెరువు కట్ట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, ఏ గుట్ట ఎంత ఎత్తు అన్నవి మన కళ్ళ ముందుండాలి. దారి మనం ఎంచుకోవాలి. కనిపించిన ప్రతి గీతనూ రోడ్డనుకుని "వెళ్ళండి" అనే గొంతును ఆ చోట నమ్మకూడదు.

గూగుల్ మ్యాప్స్ నేను రోజూ వాడతాను. తారు రోడ్డు ఉన్నంత వరకు దానికి సాటి లేదు. కానీ నెట్ లేని చోట వాడటానికి దించుకునే భాగంలో ఉపగ్రహ చిత్రం రాదు, రోడ్ల బొమ్మే వస్తుంది. ఆ దించుకున్నదానికీ గడువుంటుంది, మధ్యమధ్య వైఫైలో అప్‌డేట్ చేసుకోవాలి. ఇంట్లో ఉపగ్రహ చిత్రం చూసి ధైర్యంగా బయల్దేరిన వాళ్ళు సరిహద్దు పల్లెల్లో సిగ్నల్ పోగానే ఖాళీ తెర చూసి కంగారు పడటం నాకు తెలుసు. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు కలిసే కుప్పం చుట్టుపక్కల ఫోన్ ఒక టవరు వదిలి ఇంకోటి పట్టుకునేలోపు కిలోమీటర్లు గడిచిపోతాయి.

రోడ్డు దిగాక నేను తెరిచేవి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడిచే యాప్‌లు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అంటే 2004లో ఇంగ్లండ్‌లో మొదలైన, ఎవరైనా దిద్దగలిగే ప్రపంచ పటం. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మ్‌అండ్ రెండూ దాని మీదే ఆధారపడ్డాయి. మొత్తం ప్రాంతాన్ని ఫోన్లోకి దించుకుంటే తర్వాత నెట్‌తో పని లేదు. ఆర్గానిక్ మ్యాప్స్ ఉచితం, ప్రకటనలు ఉండవు, చిన్నపిల్లలు కూడా వాడగలరు. కొత్తగా మొదలుపెట్టే వాళ్ళకు నేను చెప్పేది అదే. ఓస్మ్‌అండ్ నేర్చుకోవడానికి ఓ వారం పడుతుంది, మెనూలు చాలా ఎక్కువ. ఆ వారం ఓపిక పడితే మట్టిబాట తీరును బట్టి గీత మారడం, గుట్టల ఎత్తు గీతలు (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు), కొండ నీడలు అన్నీ చూడొచ్చు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మట్టిబాటకు గ్రేడ్లు ఉంటాయి. గ్రేడ్ 1 అంటే గట్టి బాట, గ్రేడ్ 5 అంటే మెత్తటి మట్టి, గడ్డి. ఈ ఒక్క వివరం ఉంటే చాలు, ఏ బండి ఎంత దూరం వెళ్ళగలదో అంచనా వేసుకోవచ్చు. బాధ ఏమిటంటే, నేను తిరిగే తాలూకాల్లో చాలా బాటలకు ఆ వివరం ఎవరూ నింపలేదు. గ్రేడ్ లేని గీత కనిపిస్తే నేను గ్రేడ్ 5 అనుకునే బయల్దేరతాను.

మా అబ్బాయి స్నేహితులు ఇంటర్నెట్‌లో "బెస్ట్ ఆఫ్‌రోడ్ యాప్" అని వెతికి డబ్బు కట్టడానికి సిద్ధమవుతారు. పైన వచ్చేవి ఓన్‌ఎక్స్ ఆఫ్‌రోడ్ లాంటివి. అవి అక్కడి వాళ్ళకు నిజంగా గొప్పవి. అమెరికాలో ప్రభుత్వ అడవుల్లో ఏ బాటలో మోటారు బండి వెళ్ళొచ్చో అక్కడి అటవీ శాఖ మ్యాపులు ప్రచురిస్తుంది, ఆ యాప్‌లు వాటి మీద కట్టినవి. ఆ సమాచారం అవలబెట్ట కిందా, హార్స్‌లీ హిల్స్ వెనకా మనకు ఎక్కడి నుంచి వస్తుంది? డబ్బు కట్టేముందు మీరు వెళ్ళే తాలూకాను ఆ యాప్‌లో తెరిచి చూడండి.

యాప్‌ను పరీక్షించే పద్ధతి ఒకటి నాకు బాగా పనికొచ్చింది. బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్ళలో చాలామందికి ఒక పల్లె ఉంటుంది. అమ్మమ్మ ఊరో, అత్తగారి ఊరో. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, దించుకున్న మ్యాపులో ఆ ఊరు తెరవండి. చెరువు ఉందా? కట్ట ఏ వైపుందో సరిగ్గా ఉందా? తూము నుంచి కాలువ ఎటు పోతుందో చూపిస్తోందా? శ్మశానం పక్క నుంచి మామిడి తోటకు వెళ్ళే బండిదారి ఉందా, లేక ఊరి మధ్య సిమెంటు రోడ్డు దగ్గరే మ్యాపు ఆగిపోయిందా? గుడి పేరు తప్పు రాశారా? మా ఊరి దగ్గర నేనిలా చూసినప్పుడు ఒక యాప్‌లో వంక మొత్తం లేదు. ఆ వంక మా చిన్నప్పుడు వానాకాలంలో ఎద్దుల బండిని పక్కకు నెట్టేసింది. దాన్నే చూపించని మ్యాపు తెలియని ఊళ్ళో నాకు ఏం చూపిస్తుంది? ఇంకో యాప్‌లో వంక ఉంది, దాని మీద కల్వర్టు ఉన్న చోటూ ఉంది. ఆ పూటతో నిర్ణయం అయిపోయింది. రేటింగులు, నక్షత్రాలు నేను చూడలేదు.

ఎత్తు గీతల గురించి ఒక హెచ్చరిక. చాలా యాప్‌లలో గుట్టల ఎత్తు 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన లెక్కల ఆధారంగా వస్తుంది. దాదాపు 30 మీటర్లకు ఒక కొలత. ఎక్కాల్సిన ఎత్తు ఎక్కువా తక్కువా అన్నది అందులో తెలుస్తుంది, మూడు మీటర్ల వంక గట్టు తెలియదు. 2000 తర్వాత తవ్విన క్వారీ అసలే తెలియదు. చిక్కబళ్ళాపురం, కోలారు వైపు గ్రానైట్ క్వారీలకు లారీలు తిరిగిన దారులు వెడల్పుగా, గట్టిగా ఉంటాయి. మ్యాపులో చూస్తే అన్నిటికంటే మంచి రోడ్డు అదే అనిపిస్తుంది. చివర గోడలా నిలువుగా దిగిన గొయ్యి. చీకట్లో ఆ దారి పట్టొద్దని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా నాకు చాలదనిపిస్తుంది. ఎత్తు గీతలు నునుపుగా ఉన్నంత మాత్రాన కింద నేల నునుపుగా ఉండదు. నీలగిరి (యూకలిప్టస్) తోపుల్లో ఇంకో చిక్కు. చెట్లు పెరిగితే బాట పైనుంచి కనిపించదు, కొట్టేస్తే కొత్త బాటలు పుడతాయి.

అందుకే బయల్దేరే ముందు రోజు రాత్రి కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ తెరిచి, ఆ చోటి పాత చిత్రాలు వరసగా చూస్తాను. తేదీలతో సహా వెనక్కి జరుపుకుంటూ చూడొచ్చు. ఒక ఏడు ఎండిన చెరువు, మూడేళ్ళ తర్వాత నిండిన చెరువు, పక్కన కొత్తగా వచ్చిన క్వారీ, అన్నీ తెలుస్తాయి. ఇరవై నిమిషాల పని. ఆ 2019 సాయంత్రం తర్వాత ఇది మానలేదు.

సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ల (గుట్టలు, వంకలు, దారులు చూపే ప్రభుత్వ పటాల) గురించి కూడా మీ పత్రిక రాయాలి. 1767లో ఏర్పడిన సంస్థ అది. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర బ్రిటిష్ సైనికాధికారి లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణ సర్వే ఆనవాళ్ళు ఇప్పటికీ ఆ షీట్లలో గుట్టల తలల మీద చిన్న త్రిభుజాలుగా కనిపిస్తాయి. పక్కనే ఎత్తు అంకె. దూరంగా ఒక గుట్ట చూసి "మనం దీనికి తూర్పున ఉన్నాం" అని చెప్పుకోవడానికి అంతకన్నా నమ్మకమైన గుర్తు లేదు. మనం వాడేది 1:50,000 షీటు, అంటే కాగితం మీద రెండు సెంటీమీటర్లు నేల మీద కిలోమీటరు. పాత నంబరింగ్‌లో బెంగళూరు ఉత్తరం 57 జి, కోలారు, మదనపల్లె 57 కె, కుప్పం 57 ఎల్. 2005 మ్యాపు విధానంతో అందరి కోసం ఓపెన్ సిరీస్ మ్యాపులు వచ్చాయి. 2017లో వాటిని ఇంటర్నెట్ నుంచి పీడీఎఫ్‌గా ఉచితంగా దించుకునే వీలు కల్పించారు. వాటిలో బండిదారి, కాలిబాట, ఎండిన వంక వేర్వేరు గుర్తులతో ఉంటాయి. సర్వే పాతది కాబట్టి కొత్త రోడ్లు ఉండవు, నిజమే. కొత్త రోడ్డు కోసం ఫోన్ ఉంది. నేలకోసం ఆ షీటు. నేను వెళ్ళే చోటును పెద్ద కాగితం మీద ప్రింటు తీసుకుని డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకుంటాను. ఒకే మూలం నుంచి వచ్చిన రెండు యాప్‌లు పెట్టుకుంటే రెండూ ఒకే తప్పు చెబుతాయి. అందుకే రెండోది వేరే చోట పుట్టిన మ్యాపు అయి ఉండాలి.

ఇక ఫోన్ సంగతి. నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదని ఇప్పటికీ చాలామంది అనుకుంటున్నారు. ఫోన్ ఉపగ్రహాల సంకేతాలు నేరుగా అందుకుంటుంది, దానికి సిమ్ కార్డు కూడా అక్కర్లేదు. నెట్ ఉంటే మొదటిసారి త్వరగా పట్టుకుంటుంది, అంతే. అందుకని తారు దిగకముందే మ్యాపు తెరిచి నీలి చుక్క కుదురుకున్నాక దిగాలి. పైన ఆకాశం తేటగా కనిపించే చోట మామూలు ఫోన్ చుక్క ఐదు మీటర్ల తేడాతో సరిగ్గానే ఉంటుంది. జీపీఎస్ లాంటి మన ఇస్రో వ్యవస్థ నావిక్ సంకేతాలు అందుకునే ఫోన్లూ వచ్చాయి, సంతోషం. కానీ చుక్క ఎంత కచ్చితంగా ఉన్నా దాని కింది పటం తప్పైతే మనం కచ్చితంగా చెరువులోనే ఉంటాం.

అన్నిటికంటే నేను ఎక్కువగా నమ్మేది ట్రాక్ రికార్డింగ్. తారు దిగగానే రికార్డు నొక్కాలి. మనం వచ్చిన దావ తెర మీద గీతలా పడుతూ ఉంటుంది. దారి తప్పితే ఆ గీత పట్టుకునే వెనక్కి రావచ్చు, ఎందుకంటే మన బండి దాటిందని తెలిసిన దారి అదొక్కటే. ఇక్కడ చాలామంది దెబ్బతినేది ఒకటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్యాటరీ ఆదా చేసే సెట్టింగు, తెర ఆపగానే రికార్డింగును కూడా నిలిపేయొచ్చు. మూడు గంటల తర్వాత చూస్తే మొదటి పది నిమిషాల గీతే ఉంటుంది. ఆ యాప్‌కు మాత్రం బ్యాటరీ ఆంక్ష తీసేయాలి. ఇంటి చుట్టూ ఒక రౌండు నడిచి, తెర ఆపి, రికార్డు అవుతోందో లేదో చూసుకున్నాకే పొలాలకు వెళ్ళాలి. ఇంకోటి, ఎండలో అద్దం కింద బిగించిన ఫోన్ వేడెక్కి తెర మసకబారుతుంది, చార్జింగ్ ఆగిపోతుంది. నేను ఏసీ గాలి తగిలే చోట బిగించుకున్నాను.

అంకెల విషయంలో ఒక అనుభవం. ఒకసారి పాయింటు పెట్టి, ఆ చోటు అక్షాంశం 13.30 అని డిగ్రీల దశాంశంలో ఫోన్లో చెప్పాను. అవతలి వాళ్ళు 13 డిగ్రీల 30 నిమిషాలు అని రాసుకున్నారు. 30 నిమిషాలంటే అర డిగ్రీ, అంటే 13.5. ఒక డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు. రిగ్గు లారీ 22 కిలోమీటర్లు ఉత్తరాన వేరే పల్లెకు వెళ్ళి నిలబడింది. రైతు కుటుంబం పొద్దున్నుంచి టెంకాయ, పసుపు, కుంకుమ పెట్టుకుని పొలంలో కాచుకుంది. పొరపాటు నాదే, ఏ రూపంలో చెబుతున్నానో చెప్పలేదు. అప్పటి నుంచి దశాంశం తర్వాత ఐదు అంకెలు రాసి మెసేజ్ పంపుతున్నాను. మీ పత్రికలో ఏదైనా ట్రిప్పు గురించి రాసినా ఇలాగే వేయండి. కొత్తపల్లె అని రాస్తే ఏ కొత్తపల్లె? ప్రమాదం జరిగి 112కి ఫోన్ చేయాల్సి వస్తే ఆ అంకెలే చదివి చెప్పాలి. సిగ్నల్ లేని చోటికని విదేశాల నుంచి ఉపగ్రహ మెసేజ్ పరికరాలు తెప్పించుకోవాలనుకునే పిల్లలకు ఒక మాట: అనుమతి లేకుండా అవి మన దేశంలో వాడితే నేరం. వాటి బదులు ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో రాసిపెట్టి వెళ్ళండి.

మ్యాపులో గీత ఉందని అడవిలోకి వెళ్ళకూడదు. కుప్పం, పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం ఉంది, ఏనుగులున్నాయి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ప్రవేశించకూడదు. యాప్‌కు ఆ సంగతి తెలియకపోవచ్చు, దారి గీసేస్తుంది. పొలాల్లోనూ అంతే. పది జీపులు వరసగా వెళ్తే ఒక రైతు వేరుశనగ చాళ్ళు నాశనమవుతాయి. ఆ రైతు ఇంట్లో నేను అన్నం తిన్నాను కాబట్టి నాకు ఇది చిన్న విషయం అనిపించదు.

మీ పత్రికను నేను కోరేది ఇది. బండ్ల పేజీలో బండికిచ్చినంత చోటు మ్యాపుకూ ఇవ్వండి. ఏ దారి గురించి రాసినా ఏ నెలలో వెళ్ళారో, చెరువులో నీళ్ళున్నాయో, అది ఎవరి నేలో రాయండి. బెంగళూరులో ఉంటున్న మన పిల్లలకు వాళ్ళ సొంత ఊళ్ళ బాటల్ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎలా చేర్చాలో ఒక వారం బొమ్మలతో చూపించండి. సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు రెండు గంటలు తాతతో నడిస్తే చాలు, ఏ వంక పేరేమిటో, ఏ బాట వానల్లో మూసుకుపోతుందో ఆయన చెబుతాడు.

ఆ గొర్రెల పెద్దాయన దగ్గరికి నెల తర్వాత మళ్ళీ వెళ్ళాను. ముందు సీట్లో కూర్చుని చెరువు చుట్టూ దారి చూపించాడు. కట్ట కింద నుంచి, తూము పక్కగా, మొరవ (చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే అలుగు) దాటి అవతలి గట్టుకు. నేను రికార్డు చేసుకుంటూ నడిపాను. ఇంటికొచ్చి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చెరువు గర్భంలోని పాత గీత తీసేసి, ఈ బాట చేర్చాను. గ్రేడ్ 3, మొరవ పారే రోజుల్లో దాటలేం అని రాశాను. తెలుగు పేరు రాయడానికి అక్కడ వేరే గడి ఉంటుంది. ఆయన ఏమని పిలిచాడో అదే రాశాను: తూము దావ.

ఇట్లు,
మీ పాఠకురాలు,
హొరమావు, బెంగళూరు